మా అక్క తిరిగిన చోట్లు

ఆ శనివారం పొద్దున ఏడింటికి దుబాయ్‌లో పాప వాళ్ళ బిల్డింగ్ ముందు కారు ఆపి ఫోన్ చేశాను. రెండు నిమిషాల్లో కిందికి వచ్చింది. పన్నెండేళ్ళ పిల్ల, భుజానికి చిన్న సంచి, చేతిలో నీళ్ళ సీసా, వెనక ఒకటే జడ. జడ ఎవరూ వేయలేదని, తనే వేసుకుందని దాని వంకర చూస్తే తెలుస్తోంది. సోమవారం తండ్రీకూతుళ్ళు రాజమండ్రి వెళ్ళిపోతున్నారు. తండ్రి ఉద్యోగం పోయింది, వీసా క్యాన్సిల్ అయింది. ఇక పాప మేనత్త ఇంట్లో ఉండి చదువుకుంటుంది. వెళ్ళేముందు నన్ను అడిగింది ఒక్కటే.

"పిన్నీ, అమ్మ చిన్నప్పుడు తిరిగిన చోట్లు చూపిస్తావా?"

వాళ్ళమ్మ కోవిడ్‌తో పోయి మూడేళ్ళయింది. నేనూ ఆమే తూర్పు తీరంలోని రేవు ఊరు ఖోర్ ఫక్కాన్‌లో ఒకే ఇంట్లో పెరిగాం. ఆమెను కన్నవాళ్ళూ నన్ను కన్నవాళ్ళూ ఇప్పుడు లేరు. ఆమె చిన్నప్పుడు ఎలా ఉండేదో చెప్పగలిగిన మనిషిని నేనొక్కదాన్నే మిగిలాను. అందుకని సరేనన్నాను. ఇంకో కారణం కూడా ఉంది. ఆసుపత్రిలో ఆఖరి రోజున నేనేం చేశానో పాపకు తెలియదు. అది నా నోటితో చెప్పాలి. మూడేళ్ళుగా రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అని నెట్టుకొచ్చాను. సోమవారం విమానం ఎక్కితే ఇక చెప్పను. నా సంగతి నాకు తెలుసు.

నేను జెబెల్ అలీ ఫ్రీ జోన్‌లో ఒక క్లియరింగ్ ఆఫీసులో పనిచేస్తాను. ఓడల్లో వచ్చిన సరుకు కాగితాలు సరిచూసి కస్టమ్స్‌కు పంపడం నా పని. ఆమె పోయిన మర్నాడు కూడా కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఒక్క తప్పు లేకుండా పని పూర్తి చేశాను. మా ముదీర్, అంటే మేనేజరు, మెచ్చుకున్నాడు కూడా. ఏడుపు రాలేదు. వస్తుందేమోనని కొన్నాళ్ళు కనిపెట్టుకుని ఉన్నాను, తర్వాత కనిపెట్టడం మానేశాను. పన్ను పీకేముందు డాక్టరు సూది వేస్తే పెదవి ఉండీ లేనట్టు ఉంటుందే, ఒళ్ళంతా అలాంటి మొద్దుతనం. తింటాను, పడుకుంటాను, టీవీ చూసి నవ్వుతాను, ఇంట్లోవాళ్ళ మీద అరుస్తాను. ముక్కు మీది కోపం మాత్రం ఎక్కడికీ పోలేదు.

అసలు సంగతి ముందే చెప్పేస్తాను. మేం అక్కచెల్లెళ్ళం కాదు.

మేం నెల్లూరు సాయిబులం, ఇంట్లో తెలుగే. నాన్న ఖోర్ ఫక్కాన్‌లో దర్జీ. అక్కావాళ్ళది గోదావరి జిల్లా, ఆదివారం ప్రార్థన తప్పనివాళ్ళు. వాళ్ళ నాన్న రేవులో ఓడల మీద కంటెయినర్లు కదలకుండా కడ్డీలు బిగించేవాడు. వాళ్ళమ్మ ఒక అరబ్బు ఇంట్లో వంట చేసేది. ఎవరి జీతానికి వాళ్ళు ఇల్లు తీసుకోలేక రెండు గదుల ఇల్లు రెండు కుటుంబాలూ పంచుకున్నాయి. వంటగది ఒక్కటే. తెల్లవారుజామున ఐదు నుంచి ఏడు దాకా వాళ్ళ వంట, ఆ తర్వాత మా వంట. కానీ అలా పంచుకోవడం తప్పు. బలదియా వాళ్ళు, అంటే మునిసిపాలిటీ మనుషులు, అప్పుడప్పుడు తనిఖీకి వచ్చేవారు. ఒక ఇంట్లో ఒక్క కుటుంబమే ఉండాలి. రెండని తేలితే ఖలాస్, సామాను రోడ్డు మీద ఉంటుంది.

అందుకని మా ఇద్దరికీ ఆరేళ్ళప్పుడే పాఠం పెట్టారు. సాయంత్రం పని నుంచి వచ్చాక వాళ్ళ నాన్న మమ్మల్ని చాప మీద కూర్చోబెట్టి అప్పజెప్పించుకునేవాడు.

"ఎవరన్నా అడిగితే ఏమని చెప్తారే అమ్మడూ?"

"మా నాన్నలు అన్నదమ్ములు. మేం అక్కచెల్లెళ్ళం."

"పెద్దదెవరు?"

"అక్క."

నాకన్నా నాలుగు నెలలు ముందు పుట్టింది కాబట్టి ఆమె అక్క అయింది. తలుపు చప్పుడైతే వాళ్ళ గోడ మీది సిలువ పిండి డబ్బాలోకి పోయేది. వాళ్ళ నాన్న మా నాన్న టోపీ ఒకటి తీసి నెత్తిన పెట్టుకునేవాడు. అది ఆయన తలకు పట్టేది కాదు, ఎప్పుడు జారుతుందో అన్నట్టు పైన కూర్చునేది. మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని వంటగదిలోకి పారిపోయేది. వచ్చినవాళ్ళు పెద్దవాళ్ళ మాట నమ్మేవారు కాదు. వంగి మమ్మల్నే అడిగేవారు. నన్ను చూపించి "మిన్ హాదీ?" అంటే, ఎవరీ పిల్ల అంటే, అక్క నా మెడ చుట్టూ చెయ్యి వేసి "ఉఖ్తీ" అనేది. మా చెల్లి. రెప్ప కూడా వాల్చేది కాదు మహాతల్లి.

చెప్పి చెప్పి అదే అలవాటైంది. బడిలో చెప్పాం, రొట్టెల కొట్టులో చెప్పాం, ఎవరూ అడగకపోయినా చెప్పాం. మా అమ్మ ఊరి నుంచి పచ్చళ్ళ సీసాలకు చుట్టి వచ్చిన పాత దినపత్రికలు పరిచి మా ఇద్దరికీ తెలుగు అక్షరాలు నేర్పింది. ఇవాళ ఈ నాలుగు ముక్కలు తెలుగులో రాస్తున్నానంటే ఆ నూనె కాగితాల చలవే. అందులో అక్క, చెల్లి అన్న మాటలే మొదట రాశాం. పెళ్ళిళ్ళయి ఇద్దరం దుబాయ్ వచ్చాక కూడా అలాగే చెప్పుకున్నాం. ఆమె భర్త నాకు బావ అయ్యాడు. పాప పుట్టాక నేను పిన్నినయ్యాను. పాపకు అసలు సంగతి తెలుసు. తెలిసీ పిన్నీ అనే పిలుస్తుంది.

కొత్త రోడ్డు మీద గంటన్నర ప్రయాణం. కొండలు తొలిచి సొరంగాలు వేశారు. మా చిన్నప్పుడు కొండల చుట్టూ తిరిగి తిరిగి పోయేవాళ్ళం, నడుమ కనీసం రెండుసార్లు బండి ఆపాల్సి వచ్చేది.

"అమ్మకు వాంతులయ్యేవా?"

"ఇద్దరికీ అయ్యేయి. ముందు ఎవరికయితే వాళ్ళు ఓడిపోయినట్టు."

పాప నవ్వింది. ఆ మాట నిజమే. ఆ రోజు నేను చెప్పిన వాటిలో నిజమైనవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, అందుకే చెబుతున్నాను.

ఇంత దగ్గర ఊరికి నేను పదిహేనేళ్ళుగా రాలేదు. పని పడలేదు, అంతే. కొండ దిగి ఊళ్ళోకి వచ్చేసరికి నాకు దారి తెలియలేదు. సముద్రం ఒడ్డంతా పూలమొక్కలు, నున్నటి కాలిబాటలు, కాఫీ కొట్లు. కొండ మీద నుంచి కట్టిన జలపాతం దూకుతోంది. దాని పక్కన రాతి మెట్ల పెద్ద రంగస్థలం. ఊరు బాగుంది, కాదనను. నేనే ఫోన్‌లో దారి పెట్టుకుని పుట్టి పెరిగిన వీధులు వెతుక్కోవాల్సి వచ్చింది.

మొదట చేపల మార్కెట్ వెనక వీధికి తీసుకెళ్ళాను. అక్కడ మలయాళీల కెఫెటేరియా ఒకటి ఉండేది. ఈ దేశంలో కెఫెటేరియా ముందు కారు ఆపి హారన్ కొడితే మనిషే బయటికి వచ్చి ఏం కావాలని అడుగుతాడు. మాకు కారెక్కడిది? అక్కా నేనూ రోడ్డు మీద ముందూ వెనకా నిలబడి, స్టీరింగ్ తిప్పుతున్నట్టు చేతులు తిప్పుతూ "పీం పీం" అని అరిచేవాళ్ళం. కొట్టాయన తల బాదుకుంటూ వచ్చి, గుడ్డు పెట్టి చుట్టిన పరాటా ఒకటి రెండు ముక్కలు చేసి ఇచ్చేవాడు.

"డ్రైవర్ ఎవరు?" అని అడిగింది పాప.

"మీ అమ్మే. నన్నెప్పుడన్నా ముందు నిలబడనిచ్చిందా?"

పాప ఆ వీధి ఫోటో తీసింది. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ల కొట్టు ఉంది. లోపలి కుర్రవాడు మమ్మల్ని చూసి కవర్లు కావాలా అని హిందీలో అడిగాడు.

అక్కడి నుంచే నా నోరు అబద్ధాలకు దిగింది. రెండో చోటు మేం సాయంత్రాలు ఆడుకునే ఇసక మైదానం. అది ఎక్కడుండేదో నాకు తెలియలేదు. ఈ పూలమొక్కల కిందో, ఆ కారు పార్కింగ్ కిందో ఎక్కడో ఉంటుంది. పాప ఫోన్ పట్టుకుని ఎదురుచూస్తోంది. తెలియదని చెప్పొచ్చు. కానీ గంటన్నర ప్రయాణం చేసి వచ్చిన పిల్లకు తెలియదని చెప్పడానికి నోరు రాలేదు. ఒక నీళ్ళ ఫౌంటెన్ చూపించి, "ఇదిగో, ఇక్కడే. గోల్ పోస్టు ఇక్కడ. మీ అమ్మ పరిగెత్తుతా పడి మోకాలు చీరుకుంది. ఎంత రక్తమనుకున్నావ్" అన్నాను. మోకాలు చీరుకుంది నేను. ఆమె నన్ను ఇంటికి మోసుకెళ్ళింది.

"ఏ మోకాలు?"

"కుడిది."

పాప ఫోన్ దించింది. "అమ్మకు మచ్చ ఎడమ మోకాలి మీద ఉండేది. వంటింట్లో వేడి పెనం తగిలిందని చెప్పింది" అంది.

నాలుక కరుచుకున్నాను. "ఎడమదేలే. ముప్పై ఏళ్ళయింది, నాకేం గుర్తు" అన్నాను. పాప సరేనంది. ఆ తర్వాత ఫోన్ సంచిలో పెట్టేసింది, ఇక ఫోటోలు తీయలేదు.

నేను మాత్రం ఆపలేదు. ఆపితే మిగిలే నిశ్శబ్దం నాకు నచ్చదు. రేవు పక్కన అలలకు అడ్డంగా వేసిన బండల దగ్గరికి తీసుకెళ్ళాను. ఇప్పుడు చుట్టూ కంచె ఉంది, లోపలికి పోనివ్వరు. కంచె బయట నిలబడి, "ఆ బండ మీద కూచోని మీ అమ్మ ఓడలు చూస్తా, పెద్దయ్యాక డాక్టరవుతా అనేది" అన్నాను. ఆమె ఎప్పుడూ అనలేదు. ఆ బండల మీద కూర్చుని మేం చేసిందల్లా వేయించిన శనగలు తింటూ ఒకరి మీద ఒకరు చాడీలు చెప్పుకోవడమే. ఏం చాడీలో ఒక్కటీ గుర్తు రాలేదు. నిజానికి ఆమె గొంతు కూడా గుర్తు రావడం లేదు. ముఖం ఫోటోల్లో ఉంది కాబట్టి ఉంది. నాకు భయం వేసింది. ఇంత దగ్గరి మనిషి మూడేళ్ళలో ఇలా చెరిగిపోతుందా, లేక నాలోనే ఏదో చచ్చిపోయిందా అనుకున్నాను.

మా పాత ఇల్లు ఉన్న చోట కార్లు పెట్టుకునే ఖాళీ స్థలం ఉంది. అక్కడ కూడా ఒక దీపస్తంభం చూపించి ఇదే మన వంటగది అన్నాను. పాప ఆ స్తంభాన్ని ముట్టుకుని చూసింది. ఎండకు కాలి వెంటనే చెయ్యి తీసేసింది.

మధ్యాహ్నం ఒక హోటల్లో చేపల కూర, అన్నం తిన్నాం. పాప ముళ్ళు పొందిగ్గా తీసి పళ్ళెం అంచున వరసగా పెట్టింది. వాళ్ళమ్మ అలవాటే అది. అది చూశాక ఇక ఆలస్యం చేయకూడదనిపించింది.

ఆసుపత్రి సంగతి ఇది. కోవిడ్ వచ్చిన రెండో వేసవి. బావకు కూడా జబ్బు సోకి వేరేచోట క్వారంటైన్‌లో ఉంచారు. తొమ్మిదేళ్ళ పాప పక్కింటివాళ్ళ దగ్గర ఉంది. ఆసుపత్రి వాళ్ళు బావకు ఫోన్ చేసి, మనిషి దక్కేలా లేదు, ఇంటివాళ్ళలో ఒకరు వస్తే ఒళ్ళంతా కప్పే దుస్తులు వేసి పది నిమిషాలు లోపలికి పంపుతామన్నారు. ఆయన నాకు ఫోన్ చేశాడు. దగ్గుతూ, "నువ్వెళ్ళమ్మా. ఒక్కతే ఉంది" అన్నాడు. వెళ్ళాను. కౌంటర్ దగ్గర ఒక అమ్మాయి, ముఖానికి మాస్కు, దాని ముందు ప్లాస్టిక్ అద్దం. కాగితం మీద పెన్ను ఆనించి, "ఆప్ ఉన్‌కీ కౌన్ హై?" అని అడిగింది, ఆమెకు మీరేమవుతారని.

"ఫ్రెండ్" అన్నాను.

ఆ మాట ఆమె గురించి నేనెప్పుడూ వాడలేదు. అదే మొదటిసారి. ఆ అమ్మాయి పెన్ను ఆపి తలెత్తింది. "ఫ్యామిలీ మే కోయీ నహీ హై?" అని అడిగింది, ఇంటివాళ్ళెవరూ లేరా అని. మెల్లగా అడిగింది. నాకు ఇంకో అవకాశం ఇస్తోందని ఆ కళ్ళలో తెలిసిపోతూనే ఉంది. చెల్లినని ఒక్క ముక్క చాలు. నేను కిమ్మనలేదు. సారీ అంది ఆ అమ్మాయి. కిందికి వచ్చి కార్లో కూర్చున్నాను. గంట తర్వాత బావ ఫోన్ చేసి, అక్క పోయిందని చెప్పాడు. లోపలికి పంపలేదు బావా అన్నాను నేను. అందులో అబద్ధమేం లేదు.

ఎందుకలా అన్నానో నన్ను నేనే ఎన్నిసార్లు అడిగానో. అడగనివాళ్ళకు కూడా జీవితమంతా చెప్పిన మాట, అడిగిన ఆ ఒక్క చోట చెప్పలేకపోయాను. కాగితాల ఉద్యోగం కదా, కాగితం కనిపిస్తే నిజమే చెప్పాలన్న అలవాటు కావచ్చు. చేతిలో నా గుర్తింపు కార్డు ఉంది. దాని మీద ఉన్న నా పేరూ ఆమె పేరూ పక్కపక్కన పెడితే ఎవరూ అక్కచెల్లెళ్ళనుకోరు, అందుకు జంకానేమో. లేదా ఆ జబ్బు గదిలోకి వెళ్ళడానికే భయపడ్డానేమో. దీనికి మాత్రం నా దగ్గర జవాబు లేదు. లేదని అనుకోవడమే నాకు సుఖంగా ఉందేమో కూడా.

భోజనమయ్యాక ఒడ్డున ఒక నీడ బెంచీ మీద కూర్చున్నాం. పాప పండ్లరసం తాగుతోంది. ఉన్నదున్నట్టు చెప్పాను. పెన్ను ఆపిన సంగతి కూడా చెప్పాను. భయపడ్డానేమో అన్నది కూడా చెప్పాను.  పాప రసం అయిపోయినా గొట్టం నోట్లోనే ఉంచుకుంది.

"చెల్లినని చెబితే పంపేవాళ్ళా?"

"పంపేవాళ్ళేమో." తర్వాత సరిచేసుకున్నాను. "పంపేవాళ్ళమ్మా."

"అయితే అమ్మ ఒక్కతే ఉందా?"

"ఒక్కతే ఉంది."

పాప ఖాళీ డబ్బాను బెంచీ మీద పెట్టింది. గొంతు పెంచలేదు. "పొద్దున్నుంచి నాకెన్ని చెప్పావు పిన్నీ. మోకాలన్నావు, డాక్టరన్నావు, ఆ స్తంభం వంటగదన్నావు. అన్నీ అబద్ధాలని నాకు తెలుసు. నాకోసం చెబుతున్నావులే అనుకున్నాను. అక్కడ అమ్మకోసం ఒక్కటి చెప్పలేకపోయావా?"

 ఆ పిల్ల ముందైనా ఏడుపు వస్తే బాగుండునని కోరుకున్నాను. రాలేదు. సిగ్గు మాత్రం వేసింది.  మా ముందు ఎవరో పిల్లలతో ఫోటో దిగుతూ మమ్మల్ని కాస్త పక్కకు జరగమన్నారు. జరిగాం.

"యల్లా, పోదాం పదా" అన్నాను చివరికి. కారు తలుపు తీస్తే పాప ముందు సీటు వదిలి వెనక కూర్చుంది. నిద్రొస్తోందని చెప్పింది. సొరంగాలన్నీ దాటే దాకా అద్దంలో చూస్తూనే ఉన్నాను, పాప ఒక్క క్షణం కూడా కళ్ళు మూయలేదు. రేడియో పెట్టాలనిపించినా పెట్టలేదు. క్షమించమని అడగాలని మూడు నాలుగుసార్లు నోటిదాకా వచ్చింది. ఆ పిల్ల చేత క్షమించాననిపించుకుని హాయిగా ఇంటికి పోవాలని ఉందా నీకు, అని నన్ను నేనే తిట్టుకుని ఊరుకున్నాను.

వాళ్ళ బిల్డింగ్ చేరేసరికి సాయంత్రం ఐదు దాటింది. బావ కిందనే ఉన్నాడు, కార్గో వాళ్ళకు అట్టపెట్టెలు అప్పగిస్తూ. చేతికి టేపు అంటుకుని ఉంది. నన్ను చూసి నవ్వుతూ వచ్చాడు.

"ఏవమ్మా, చూపించేశావా అన్నీ? పైకి రా, టీ తాగి వెళ్దువుగాని."

పాప వెనక తలుపు తీసుకుని దిగింది. సంచి భుజాన వేసుకుని నా కిటికీ దగ్గరికి వచ్చింది. "థాంక్స్ ఆంటీ. జాగ్రత్తగా వెళ్ళండి" అంది.

బావ టేపు పీక్కుంటూ నవ్వాడు. "ఆంటీ ఏంటే కొత్తగా? వెళ్ళండి ఏంటి? పిన్ని కదా!"

"అమ్మ ఫ్రెండ్ కదా డాడీ" అంది పాప.

బావ నవ్వు ఆపి నా వైపు చూశాడు. ఏదో ఒకటి అంటానని ఇద్దరూ ఎదురుచూస్తున్నారు.

అవునన్నాను.